పసుపు గుడ్డ మీద బాణం గుర్తు

మా పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి ఒకటి ఉంది. దాని మీద అన్నం వండను, కాఫీ కాయను. అది పిస్టన్లకు పెట్టిన పొయ్యి. వెడల్పాటి ఇత్తడి గుండిగలో నీళ్ళు కాచి, కొత్త పిస్టన్లను అందులో కాసేపు ఉంచుతాను. పిస్టన్ అల్యూమినియంది కాబట్టి వేడికి కొంచెం ఒళ్ళు విడుస్తుంది. అప్పుడు దాన్ని గుడ్డతో పట్టుకొని, కనెక్టింగ్ రాడ్ తలకాయను దాని కడుపులో పెట్టి, రెండింటినీ కలిపే పిన్నును బొటనవేలితో తోస్తే వెన్నలోకి వేలు పోయినట్టు పోతుంది. చల్లగా ఉండంగానే సుత్తితో కొట్టి ఎక్కించేవాళ్ళు కూడా ఉన్నారు. నా చేతికి అది రాదు. కొట్టి కలిపినవి ఎన్నాళ్ళు కలిసి ఉంటాయో నాకు నమ్మకం లేదు.

మాది అనంతపురంలో ట్రాక్టర్ ఇంజన్లు విప్పి కట్టే షెడ్డు. ముందు షెడ్డు, వెనక ఇల్లు, ఆ వెనక పెరడు. ఇంజన్ విప్పేది, పిస్టన్లు ఆడే బోర్లు చూసేది, క్రాంక్ కూర్చోబెట్టేది మా ఆయన. పిస్టన్లను తూచి, రాడ్లకు కలిపి, ఆయన చేతికి ఇచ్చేది నేను. ఆడమనిషి ఈ పని చేయడమేమని మొదట్లో వచ్చినవాళ్ళంతా నిలబడి చూసేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ చూడరు. అలవాటు పడినారో, నన్ను చూసి చూసి విసుగు పుట్టిందో. ఏదైనా నాకు మేలే.

ఈ పని నాకు మా నాయన నేర్పినాడని చెప్తే నవ్వుతారు. మా నాయనకు ఇంజనంటే బస్సు ముందర ఉండేదని మాత్రమే తెలుసు. ఆయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. చిన్నప్పుడు నా ఎడమకాలికి బలం తక్కువ. బడి దూరం. ఎత్తుకొని పోయి తెచ్చేవాళ్ళు లేరు. అందుకని మగ్గం గుంత పక్కన కూర్చోబెట్టుకొని ఆయనే చదువు చెప్పినాడు. డిజైను వేసుకునే గళ్ళ కాగితం మీద అక్షరాలు దిద్దించినాడు. అందుకే నా రాత ఇప్పటికీ మూలలు మూలలుగా ఉంటుంది. పొద్దున స్తోత్రాలు, మధ్యాహ్నం లెక్కలు, సాయంత్రం అతుకులు. అతుకులంటే, ఒక పడుగు నేసి అయిపోయినాక మగ్గంలో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపడం. వేళ్ళకు బూడిద అద్దుకొని, కళ్ళతో కాకుండా వేలి కొసలతో చేసే పని. ఒక్క పోగు తప్పి పక్కదాంతో కలిసినా చీర పొడుగునా ఆ తప్పు నడుస్తుంది.

"కొత్తదాన్ని పాతదానికి కలిపేటప్పుడు పాతదాన్ని అడుగు మ్మా, అది చెప్తాది" అనేవాడు మా నాయన. పోగుకు నోరు యాడుందని నేను నవ్వేదాన్ని.

పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, ఒకరోజు మా ఆయన ఒక రాడ్డును చేతిలో పట్టుకొని, దాని తలకాయలో ఉండే బుష్ అరిగిందో లేదో చూడ్డానికి గేజు వెతుక్కుంటున్నాడు. నేను మజ్జిగ ఇవ్వడానికి పోయినాను. ఆయన గేజు కోసం వంగినప్పుడు, ఆ బుష్‌లో వేలు పెట్టి తిప్పి, "ఇది ఒక పక్క అరిగింది" అన్నాను. ఆయన నమ్మలేదు. కొలిచినాడు. అరిగింది. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, "రేపటి నుంచి ఇది నీ పని" అన్నాడు. అంతే, నాకు ఉద్యోగం వచ్చిన తీరు అది. ఆ మజ్జిగ గ్లాసుకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

మా నాయన పోయినాక ఆయన జరీ తూచుకునే చిన్న త్రాసు నాకు వచ్చింది. షావుకారు దగ్గర నుంచి జరీ తూకం వేసి తెచ్చుకొని, చీర అయినాక తూకం చూపించి ఇచ్చే కాలం నాటిది. దాని తట్టలు తీసేసి కొంచెం పెద్ద తట్టలు కట్టించుకున్నాను. ఒక ఇంజన్లో మూడు పిస్టన్లుంటే మూడూ, వాటి రాడ్లతో సహా, ఒకే బరువుండాలి. లేకపోతే ఇంజన్ వణుకుతుంది. బరువు పిస్టన్‌కు తేలిక రాడ్డు, తేలిక పిస్టన్‌కు బరువు రాడ్డు జతచేసి, మొత్తం సరిపోయేదాకా మార్చి మార్చి తూస్తాను. మా ఆయన కరెంటు త్రాసు ఒకటి కొనిచ్చినాడు. అది కూడా మంచిదే. దాని మీద ఉల్లిగడ్డలు తూచుకుంటున్నాను.

నేను చెప్పాలనుకున్నది రెండేళ్ళ కిందటి ఎండాకాలం సంగతి.

వజ్రకరూరు పక్క నుంచి ఒక పెద్దాయన ట్రాక్టర్‌ను ఇంకో బండికి కట్టి లాగించుకొని వచ్చినాడు. డెబ్భై దగ్గర ఉంటుంది వయసు. తలపాగా, చేతిలో ఒక నీళ్ళ సీసా. ఆ సీసాలో నీళ్ళు ఆయన తాగడం నేను ఎప్పుడూ చూడలేదు. పట్టుకొని ఉండేవాడు, అంతే. ట్రాక్టర్ వెనక నీళ్ళ ట్యాంకర్ తోలుతూ ఉండగా ఇంజన్ పట్టేసిందట. పిస్టన్లు బోర్లలో గీసుకొని నిలబడిపోయినాయి.

"తోటలో నూట ఎనభై చీనీ చెట్లు ఉండాయప్పా" అన్నాడు మా ఆయనతో. "బోరు ఎండిపోయి రెండు నెలలాయ. అప్పటి నుంచి ట్యాంకర్ నీళ్ళే. ఈ బండి నిలబడితే చెట్లు నిలబడవు."

"ఊర్లో ఇంకో ట్రాక్టర్ లేదా మామా?"

"ఉండాయి. ఎవని తోటకు వాడు తోలుకుంటాండాడు. నేనైనా అంతే చేస్తా. వాళ్ళను అనేదేముంది?"

ఆయన తోటకు ఆఖరు సారి నీళ్ళు పడి నాలుగు రోజులైందన్నాడు. ఇంకో వారం అంటే కష్టమన్నాడు. చీనీ అంటే బత్తాయి. ఆ చెట్టు పెంచినవాళ్ళకు తెలుసు, ఏడెనిమిదేళ్ళు సాకితే గాని అది మనిషిని సాకడం మొదలుపెట్టదు. ఆకు ముడుచుకుంటే ఇంకా ఆశ ఉంటుంది. ఆకు రాలి కొమ్మ కొస నల్లబడితే ఉండదు. ఇంట్లో ఆడవాళ్ళు తాగే నీళ్ళల్లో మిగిల్చి, పడమటి వరసలో చెట్టుకొక చెంబు పోస్తున్నారని చెప్పినాడు. ఆ వరస గుట్ట పక్కన ఉంది, రాతి నేల, అందరికంటే ముందు దానికే దప్పిక.

"మా నేలలో వజ్రాలు దొరుకుతాయంట మ్మా" అన్నాడు నన్ను చూసి. "వాన పడితే చాలు, యాడాడి జనమో వచ్చి తలకాయలు వంచుకోని నడుస్తారు. నాకైతే ఇంతవరకు వాళ్ళ చెప్పులే దొరికినాయి. వజ్రం వద్దులే, ఒక బిందె నీళ్ళు దొరికితే చాలు."

మా ఆయన ఇంజన్ విప్పినాడు. పిస్టన్లు పనికి రావు. రాడ్లు మాత్రం బాగున్నాయి. కంపెనీ నుంచి వచ్చినవి, వంకర లేదు, గీత లేదు, పక్కన కొట్టిన నంబర్లు కూడా చెరిగిపోలేదు. బజారుకు పోయి వచ్చి పెద్దాయనను కూర్చోబెట్టినాడు.

"మామా, ఈ మోడల్‌కు కంపెనీ పిస్టన్లు రావడం నిలిచిపోయింది. బయటి మాలు ఉండాది. పిస్టన్లు అవి వేస్తా. రాడ్లు నీవే, పాతవే."

"అల్లుడు కొత్తోడు, కూతురు పాతదే అంటావు."

"అట్లే అనుకో."

"కాపురం చేస్తారా?"

"ఆ సంగతి మా ఇంట్లో ఆమెను అడుగు. కలిపేది ఆమె."

పెద్దాయన నా పక్క తిరిగి, "ఏం మ్మా, చేస్తారా?" అన్నాడు. నేను నవ్వినాను. మనసులో మాత్రం, చేయించు సామీ, అనుకున్నాను.

ఆ పిస్టన్ల పెట్టె తెచ్చినప్పటి నుంచి నాకు పని. బయటి మాలంటే చెడ్డదని కాదు. చేసినవాడు మన రాడ్డును చూసి చేయలేదు, అంతే. పిన్ను పాతదాని కంటే వెంట్రుకంత లావు. పాత బుష్‌లు తీయించి కొత్తవి వేయించి, లేత్ దగ్గర కొంచెం కొంచెంగా కోయించినాము. నూనె పూసిన పిన్నును నిలబెట్టి వదిలితే, ధబీమని పడకూడదు, నిలిచిపోకూడదు; నిదానంగా దాని బరువుకే దిగాలి. మూడోసారికి అట్ల దిగింది. పిస్టన్ కడుపులో రాడ్డు తలకాయకు రెండు పక్కలా సందు ఉందా లేదా చూసినాను. ఉంది. తర్వాత బరువులు. పిస్టన్లను త్రాసు తట్టలో నెత్తి కిందికి వచ్చేట్టు బోర్లా పెట్టి తూచినాను, కడుపు లోపలి పక్క పెన్నుతో నంబర్లు వేసుకున్నాను. బోర్లా పెట్టి, అన్నాను కదా. అక్కడే ఉంది అసలు సంగతి. వాటి నెత్తిని నేను సరిగ్గా చూడలేదు.

మా షెడ్డులో ఒక అలవాటు ఉంది. కొత్త పిస్టన్లు రాడ్లకు ఎక్కేముందు కదిరి నరసింహస్వామి పటం ముందర వరసగా పెట్టి, నెత్తిన పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడతాను. మా అత్త బతికున్నప్పుడు మొదలుపెట్టింది, నేను విడవలేదు. బండి తెచ్చినవాళ్ళకు కూడా అది చూస్తే ఒక ధైర్యం. పసుపు నిలవాలంటే పిస్టన్ మీద జిడ్డు ఉండకూడదు. అందుకని ముందు కిరసనాయిలు గుడ్డతో నెత్తిని తుడుస్తాను, పొడి చేస్తాను, తర్వాత పసుపు. పూజ అయినాక పసుపు కూడా అదే గుడ్డతో తుడిచేసి, నూనె పూసి, పనిలోకి దిగుతాను.

పిస్టన్ నెత్తి మీద ఒక బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం ఇంజన్ ముందు పక్కకు చూడాలి. చూడ్డానికి పిస్టన్ గుండ్రంగా ఎటు తిప్పినా ఒకటే అనిపిస్తుంది గాని, కాదు. నెత్తి మీద డీజిల్ మండే గుంత ఒకటి ఉంటుంది, అది సరిగ్గా నడిమధ్యలో ఉండదు. డీజిల్ చిమ్మే నాజిల్ ఎటుంటే అటు కొంచెం జరిగి ఉంటుంది. తిరగేసి పెడితే డీజిల్ పడాల్సిన చోట పడదు. మంట ఒక పక్కే తగిలి పిస్టన్ కాలుతుంది. అది ఒక రోజులో కావచ్చు, ఒక నెలకు కావచ్చు. కంపెనీ పిస్టన్ల మీద ఆ బాణాన్ని లోహంలోకే గుద్ది ఉంటారు. ఎంత తుడిచినా పోదు, వేలు పెడితే తగులుతుంది. ఇన్నేళ్ళు నేను దాన్ని పూజ అయినాకే వేలితో వెతుక్కునేదాన్ని.

ఆ పొద్దున మూడింటినీ పటం ముందర పెట్టి, నామాలు చెప్పుకుంటూ, కళ్ళు సగం మూసుకొని తుడిచినాను. పసుపు రాసినాను. బొట్టు పెట్టినాను. పెద్దాయన చెప్పులు విడిచి వచ్చి చేతులు జోడించినాడు. "పడమటి వరస నీ చేతిలో పెడ్తాండా సామీ" అన్నాడు. నూట ఎనభై చెట్లలో ఆ ఒక్క వరస పేరే చెప్పినాడు.

పూజ అయినాక బాణం కోసం వేలు పెట్టినాను. నున్నగా ఉంది. మూడూ అంతే. గుంత కూడా కంటికి నడిమధ్యలోనే ఉన్నట్టు కనిపించింది. బయటి మాలు కదా, గుర్తు అక్కర్లేకుండా చేసినారనుకున్నాను. నీళ్ళు కాచినాను, పిన్నులు తోసినాను, అటూ ఇటూ జారకుండా లాకులు వేసినాను, గోటితో తిప్పి చూసినాను. పని బాగా వచ్చింది. మా ఆయన మొదటిది చేతిలోకి తీసుకొని అడిగినాడు.

"బాణం యాడ?"

"ఈ మాలుకు లేదు."

"లేదా?"

"వేలు పెట్టి చూసినా. లేదు."

నా వేలి మీద ఆయనకు ఉండే నమ్మకం నాకు తెలుసు. రింగులేసి, మూడూ బోర్లలోకి దించినాడు. మధ్యాహ్నానికి ఇంజన్ పై మూత, అంటే హెడ్, ఎక్కించి బిగించినాడు. సాయంత్రం స్టార్ట్ చేద్దామన్నాడు. పెద్దాయన కోడలు ఫోన్ చేసింది. ఆయన ఫోన్ దూరంగా పెట్టుకొని మాట్లాడతాడు కాబట్టి అందరికీ వినపడింది. పడమటి వరసలో ఆకు రాలడం మొదలైందట. "వస్తాండా పాపా, రేపు పొద్దునకు ట్యాంకర్ మనింటి ముందర ఉంటాది" అని చెప్పి, ఫోన్ జేబులో పెట్టుకొని, ట్రాక్టర్ టైరును ఒకసారి తట్టినాడు.

నేను గుడ్డలు ఉతకడానికి పెరట్లోకి పోయినాను. గ్రీజు గుడ్డలు వేరు, పూజ గుడ్డ వేరు. పూజ గుడ్డను వాటితో కలపను. దాన్ని నీళ్ళలో ముంచబోతూ విప్పితే, పసుపు మరకల మధ్యలో పచ్చగా ఒక గీత కనిపించింది. ఆకుపచ్చ. పసుపు గుడ్డ మీద ఆకుపచ్చ ఎట్లా వస్తుంది? ఎండలోకి పట్టుకొని చూసినాను. నీలి సిరా. పసుపుతో కలిసి ఆకుపచ్చ అయింది. ఒక చోట గీత చివర రెండు పక్కలా చిన్న కొమ్ములు కూడా చెరగకుండా దిగినాయి. బాణం.

బయటివాడు బాణాన్ని గుద్దలేదు. సిరాతో ముద్ర వేసినాడు. నేను దాన్ని దేవుని నామాలు చెప్పుకుంటూ తుడిచేసినాను.

కాసేపు గుండిగ పక్కన అట్లే కూర్చున్నాను. ఏమేం అనుకున్నానో దాచుకోకుండా రాస్తాను. మూడూ సరిగ్గానే పడి ఉండొచ్చు అనుకున్నాను. ఇంజన్ స్టార్ట్ అయితే అవుతుంది, నీళ్ళు పోతాయి, చెట్లు బతుకుతాయి, తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. ఇప్పుడు చెప్తే హెడ్ విప్పాలి, రేపు పొద్దున ట్యాంకర్ పోదు, ఆ పడమటి వరస ఏమవుతుంది? చెప్పకుండా ఉండటానికి చెట్లనే అడ్డం పెట్టుకున్నాను. కానీ తోట మధ్యలో ఇంజన్ ఇంకోసారి పట్టేస్తే, అప్పుడు వరస కాదు, మొత్తం తోట. సామీ, గుడ్డ చూపించినావు, ఇంక నోరు కూడా నువ్వే ఇయ్యి అని లేచినాను.

షెడ్డులో మా ఆయన బ్యాటరీ వైర్లు బిగిస్తున్నాడు. పెద్దాయన పక్కనే ఉన్నాడు. ఇద్దరి ముందరే గుడ్డ విప్పి పట్టుకున్నాను.

"బాణాలు ఉన్నాయి. సిరావి. నేనే తుడిచేసినా."

మా ఆయన గుడ్డను చూసినాడు. ఇంజన్‌ను చూసినాడు. చేతిలో స్పానర్‌ను కింద పెట్టినాడు. ఆయనకు కోపమొస్తే అరవడు, ఇనుము కింద పెడతాడు.

"ఎన్ని తిరగబడినాయో తెలుసునా?"

"తెలీదు. ఒక్కటీ కాకపోవచ్చు. మూడూ కావచ్చు."

"వేలు పెట్టి చూసినా అంటివే."

"వేలు పెట్టేదానికి ముందే తుడిచినా."

పెద్దాయనకు ఇదంతా అర్థం కావడానికి మా ఆయన ఒక పాత పిస్టన్ తెచ్చి, నెత్తి మీద గుద్దిన బాణం చూపించి చెప్పినాడు. ఆయన విని, తలపాగా విప్పి, మొహం తుడుచుకొని, మళ్ళీ చుట్టుకున్నాడు.

"స్టార్ట్ చేస్తే చేయొచ్చు కదప్పా?"

"చేయొచ్చు మామా. ఎన్నాళ్ళు నడుస్తాదో నేను చెప్పలేను."

"రేపు పోయేదానికైతే..."

"రేపు పోతాది. ఎల్లుండి నీ తోటలో నిలబడితే ఈడికి లాగించుకోని వచ్చేదానికి ఇంకో రెండు రోజులు. అప్పుడు బోరు లోపలి లైనరు కూడా పోతాది."

పెద్దాయన పోయి ట్రాక్టర్ టైరు మీద చెయ్యి పెట్టినాడు. తర్వాత నా పక్క చూసినాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

"మా ఇంట్లో ఆవుకు బొట్టు పెట్టేటప్పుడు కూడా కొమ్ము యాడుండాదో చూసుకోని పెడతాము మ్మా" అన్నాడు. మా ఆయన వైపు తిరిగి, "విప్పప్పా. జల్దీ విప్పు" అన్నాడు.

హెడ్ తీసినాడు మా ఆయన. పై నుంచి మూడు పిస్టన్ల నెత్తులు కనిపిస్తున్నాయి, మూడూ ఒకే మాదిరి, మూడూ అమాయకంగా. స్కేలు పెట్టి చూసినాడు. గుంత ఎటు జరిగిందో తేలలేదు. అంత కొంచెం తేడా. అప్పుడు మా నాయన మాట గుర్తొచ్చింది, పాతదాన్ని అడుగు మ్మా అని. ఇంట్లోకి పోయి, నాయన త్రాసు పెట్టెలో ఉండే పట్టు పోగు తెచ్చినాను. ముందు పాత పిస్టన్ మీద, గుంత అంచు నుంచి పిస్టన్ అంచు దాకా పోగును లాగి పట్టుకొని గోటితో గుర్తు పెట్టుకున్నాను. అదే పోగును రెండో పక్కకు తిప్పినాను. గోటి గుర్తు అంచు దాటి రవ్వంత బయటికి వచ్చింది. దాని బాణాన్ని బట్టి చూస్తే నాజిల్ పక్క దూరం తక్కువ, అవతలి పక్క ఎక్కువ. పాతది చెప్పింది.

ఇంక బోర్లలో ఉన్న కొత్తవాటి మీద అదే పోగు. మొదటిది సరిగ్గా ఉంది. మూడోది సరిగ్గా ఉంది. నడిమిది తిరగబడింది. నమ్మకం లేక మూడుసార్లు చూసినాను, తర్వాత మా ఆయనతో పోగు పట్టించి ఇంకోసారి చూసినాను.

"రెండు దేవుడు పెట్టినాడు, ఒకటి నువ్వు పెట్టినావు" అన్నాడు మా ఆయన. అప్పటికి ఆయన కోపం సగం దిగింది.

"మూడూ నేనే పెట్టినా. ఆ గుడ్డ ఒకటి దేవుడు పెట్టినాడు."

పెద్దాయన అంత కష్టంలోనూ నవ్వినాడు. "మీ ఇద్దరి లెక్క రేపు తేల్చుకోండి గాని, నా నడిమిది బయటికి తీయండప్పా" అన్నాడు.

ఇంజన్ కింద నూనె చాంబర్ విప్పి నడిమి పిస్టన్‌ను బయటికి తీసినాము. లాకులు తీసి, మళ్ళీ నీళ్ళు కాచి, పిన్ను వెనక్కి తోసి, రాడ్డును అట్లే ఉంచి పిస్టన్‌ను తిప్పి, కొత్త లాకులతో కలిపినాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. అది పొద్దుగూకే లోపలే అయిపోయింది. కానీ హెడ్ కింద పరిచే గ్యాస్కెట్ ఒకసారి బిగించి విప్పితే మళ్ళీ పనికి రాదు. పిస్టన్ పెట్టెతో వచ్చింది ఒక్కటే. విడిగా అనంతపురంలో దొరకలేదు. ధర్మవరంలో ఒక కొట్టులో ఉందన్నారు, పొద్దున బస్సుకు ఇచ్చి పంపుతామన్నారు. పెద్దాయన ఆ రాత్రి మా షెడ్డులోనే పడుకున్నాడు. కోడలికి ఫోన్ చేసి, "రేపు కాదు పాపా, ఎల్లుండి" అని మాత్రం చెప్పినాడు. ఎందుకని ఆ పిల్ల అడిగింది. "ఇనుము పని, అంతే" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. ఆ మేలు నేను మర్చిపోలేదు.

మరుసటి రోజు గ్యాస్కెట్ వచ్చింది. మధ్యాహ్నం దాటినాక సెల్ఫ్ కొడితే ఇంజన్ రెండో తిప్పుకే పట్టుకుంది. పొగ కొంచెం వచ్చి ఆగిపోయింది. నేను అరచెయ్యి ఇంజన్ పక్కన ఆనించి పెట్టినాను. వణుకు లేదు. సాగిన పడుగు మీద చెయ్యి పెడితే ఎట్లుంటుందో అట్లుంది. సాయంత్రం దాకా నడిపించి చూసి, నూనె మార్చి, బిగింపులు ఇంకోసారి చూసి పంపించినాము. పెద్దాయన సీటెక్కి, చేతిలో సీసా మూత తీసి, మొదటిసారి ఆ నీళ్ళు రెండు గుక్కలు తాగి పోయినాడు.

రెండు నెలలకు, వానలు అరకొరగా పడినాక, తోట చూసి పొమ్మని కబురు పెట్టినాడు. పోయినాము. చెట్లు పచ్చగా ఉన్నాయి. గుట్ట పక్కకు పోయినాక పడమటి వరసలో ఖాళీలు కనిపించినాయి. తొమ్మిది చెట్లు నరికేసి ఉన్నాయి, మొదళ్ళు మాత్రం ఉన్నాయి.

నేను అడగకముందే పెద్దాయన, "ఇవి ముందే పోయినాయి మ్మా. బండి ఆ రోజే వచ్చినా నిలిచేవి కాదు" అన్నాడు.

మా ఆయన నేల చూసినాడు. పెద్దాయన కోడలు పక్కనే ఒక మొదలు మీది ఎండుటాకులను కాలితో తోస్తూ ఉంది. ఆయన చెప్పింది నిజమో, నా కోసం చెప్పినాడో నాకు తెలియదు. ఇంకోసారి అడిగే హక్కు నాకు లేదనిపించింది. ఒక్క రోజులో తొమ్మిది చెట్లు పోతాయా అని ఇప్పటికీ ఒక్కోసారి లెక్క వేస్తాను, తేలదు. మిగిలిన చెట్లకు మాత్రం పేరు పేరునా దండం పెట్టుకున్నాను. మేము వచ్చేటప్పుడు, నరికిన కట్టెలు మోపు కట్టించి బండిలో వేయించినాడు.

"పొయ్యిలోకి పెట్టుకో మ్మా. పిస్టన్లు కాస్తావు కదా."

మోపు జారకుండా తాడు ఇంకోసారి బిగించుకున్నాను.

బొట్టు పెట్టడం నేను మానలేదు. పెట్టే ముందు ప్రతి పిస్టన్ నెత్తినీ వెలుతురులోకి తిప్పి చూసి, గుర్తు ఎటుందో గళ్ళ కాగితం మీద గీసుకుంటాను. అప్పుడు తుడుస్తాను. పసుపు నెత్తి మీద కాకుండా రాడ్డు పక్కన, నంబరుకు దూరంగా రాస్తాను. సామికి ఎక్కడ రాసినా ఒకటేనని నా నమ్మకం. ఆ గుడ్డను ఉతకలేదు. త్రాసు పెట్టెలో పట్టు పోగు పక్కన మడిచి పెట్టినాను.

నిన్న కూడా ఒక ఇంజన్ వచ్చింది. బయటి పిస్టన్లు, పాత రాడ్లు. పొద్దున పటం ముందర కూర్చుంటే, షెడ్డులో నుంచి మా ఆయన ఎప్పటి మాదిరే కేకేసినాడు.

"కొమ్ము చూసుకున్నావా మే?"

"చూసినా."

పెరట్లోకి పోయి గుండిగలో నీళ్ళు పోసినాను. చీనీ కట్టె ఇంకా కొంచెం మిగిలి ఉంది. ఒక్క చిన్న ముక్క పెట్టి, మిగతాది వేరే కట్టెలతో సరిపెట్టుకున్నాను.